గూడబాతు ముక్కు మీది మచ్చలు

టెక్కలి పక్కనే ఉన్న తేలినీలాపురంలో సెప్టెంబరు నుంచి మార్చి దాకా చెట్లన్నీ పక్షులతో బరువెక్కి ఉంటాయి. పెలికాన్లు, అంటే గూడబాతులు, వాటికి ఇరుగుపొరుగుగా ఎర్రకాళ్ల కొంగలు. నౌపడ చిత్తడి నేలల్లో, తంపర భూముల్లో చేపలు పట్టుకొచ్చి పిల్లల నోళ్లలో పోస్తుంటాయి. ఊరివాళ్లు ఈ పక్షుల రాకను శుభంగా భావించి తరాలుగా కాపాడుకుంటున్నారు. చూడ్డానికి వచ్చేవాళ్లు పైకెత్తేది ఎక్కువగా ఫోన్లే. అక్కడే చాలామందికి ఒక సందేహం వస్తుంది. 108 మెగాపిక్సెళ్ల ఫోనుతో తీసిన గూడబాతును ఇంటికెళ్లి పెద్దది చేసి చూస్తే తెల్లని మరకలా ఉంటుంది. పక్కనే నిలబడి ఏడెనిమిదేళ్ల నాటి డీఎస్‌ఎల్‌ఆర్‌తో, అదీ 20 మెగాపిక్సెళ్లతో తీసినవాళ్ల ఫొటోలో ఆ పక్షి ముక్కు అంచున ఉండే నల్లని మచ్చలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఆ మచ్చలే ఈ జాతికి ఆనవాలు. అయిదో వంతు మెగాపిక్సెళ్లున్న కెమెరా అంత వివరం ఎలా పట్టింది?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మధ్యశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌ను ఎలా అంచనా వేయాలో కూడా తెలుస్తుంది. మధ్యశ్రేణి అంటే నా దృష్టిలో నికాన్ డి7200 (2015), డి7500 (2017), కానన్ 80డి (2016), 90డి (2019) లాంటివి. కొత్తగా నేర్చుకునేవాళ్ల చవక మోడళ్లకూ, వృత్తి ఫొటోగ్రాఫర్ల భారీ కెమెరాలకూ నడుమ నిలిచే రకం. పలాస, టెక్కలి, సోంపేటల్లో సరదాగా మొదలుపెట్టి మనసు పెట్టి ఫొటోలు తీసే స్థాయికి వచ్చినవాళ్ల చూపు చివరికి వీటి మీదే ఆగుతుంది.

మరక ఎందుకయింది?

ముందు దూరం సంగతి చూద్దాం. ఫోను ప్రధాన లెన్స్ చాలా విశాలంగా చూస్తుంది. వంద మీటర్ల అవతల అది పట్టే దృశ్యం అడ్డంగా సుమారు 150 మీటర్లు. 108 మెగాపిక్సెళ్ల ఫొటోలో అడ్డంగా ఉండేవి 12,000 చుక్కలు. వాటిని 150 మీటర్లకూ పంచితే మీటరుకు 80 వస్తాయి. గూడబాతు పొడవు 1.3 మీటర్లనుకుంటే దాని వాటాకు వంద చుక్కలు. నిజానికి ఇలాంటి ఫోన్లు మామూలుగా తొమ్మిదేసి చుక్కల్ని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే చేతికిస్తాయి. అప్పుడు ఆ పక్షికి మిగిలేది ముప్పై అయిదు చుక్కలు. ముప్పై అయిదు చుక్కల్లో ముక్కే సరిగా ఆనదు, ఇక మచ్చల మాట ఎత్తక్కర్లేదు.

డి7500కు 300 మిల్లీమీటర్ల లెన్స్ తగిలిస్తే అదే వంద మీటర్ల దూరంలో కనిపించేది ఎనిమిది మీటర్ల లోపు వెడల్పే. దాని 5,568 చుక్కలూ ఆ ఎనిమిది మీటర్లలోనే సర్దుకుంటాయి. గూడబాతుకు తొమ్మిది వందలకు పైగా దక్కుతాయి. 500 మిల్లీమీటర్ల లెన్స్ అయితే పదిహేను వందలు. ఖరీదైన ఫోన్లలో దూరపు దృశ్యాల కోసం విడిగా టెలిఫొటో లెన్స్ ఉంటుంది, కాదనను. కానీ దాని వెనక ఉండే సెన్సర్ మరీ చిన్నది. ఆ లోటు ఎక్కడ బయటపడుతుందో ఇప్పుడు చూద్దాం.

పౌనుకు ఎన్ని గుండ్లు?

కాంతి ఎడతెగని ధారలా రాదు, విడివిడి రేణువులుగా వస్తుంది. రావడంలో క్రమం ఉండదు. ఒక చుక్క మీద సగటున వంద రేణువులు పడే చోట ఒకసారి తొంభై, ఇంకోసారి నూట పది పడతాయి. పదివేలు పడే చోట తేడా వంద దాకానే ఉంటుంది. మొదటి దాంట్లో ఒడిదుడుకు పదిశాతం, రెండో దాంట్లో ఒక్క శాతం. మబ్బు పట్టిన ఉదయం తీసిన ఫొటోలో ఆకాశం మీద ఇసుక చల్లినట్టు కనిపించే గరుకుదనానికి ముఖ్య కారణం ఈ ఒడిదుడుకే. ఎగిరే పక్షిని కదలిక లేకుండా పట్టాలంటే సెకనులో పదహారు వందో వంతు మాత్రమే షట్టర్ తెరవాలి. అంత తక్కువ సమయంలో లోపలికి వచ్చే వెలుతురే కొంచెం. ఆ కొంచెంలో ఎంత దక్కించుకోగలిగితే ఫొటో అంత శుభ్రంగా వస్తుంది.

దక్కించుకునేది సెన్సర్ వైశాల్యం. నికాన్ మధ్యశ్రేణి కెమెరాల సెన్సర్ 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.7 మిల్లీమీటర్ల ఎత్తు. అంటే దాదాపు 370 చదరపు మిల్లీమీటర్లు. పెద్ద సెన్సర్ అని గొప్పగా చెప్పుకునే 108 మెగాపిక్సెళ్ల ఫోన్లలో అది 70 చదరపు మిల్లీమీటర్లకు అటూ ఇటూ.

మెగాపిక్సెళ్ల అంకెను ఎలా చదవాలో పలాస వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కాశీబుగ్గ పారిశ్రామికవాడలో జీడిపప్పు గ్రేడు చేసేటప్పుడు డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అంటారు. ఒక పౌను బరువుకు ఎన్ని గుండ్లు తూగుతాయో చెప్పే అంకె అది. 180 అంటే లావుపాటి గుండు, 320 అంటే చిన్నది. అంకె పెరిగిందని పప్పు పెరగదు, పౌను పౌనుగానే ఉంటుంది. కెమెరాలో ఆ పౌను సెన్సర్ వైశాల్యం, గుండ్ల లెక్క మెగాపిక్సెళ్లు. ఫోను తన చిన్న తూకాన్నే 108 మిలియన్ ముక్కలుగా పంచుకుంది. డీఎస్‌ఎల్‌ఆర్ దానికి అయిదు రెట్లున్న తూకాన్ని 20 మిలియన్లకే పంచింది.

ఇక్కడ తొందరపడి, అయితే తక్కువ మెగాపిక్సెళ్ల కెమెరాయే మేలన్నమాట అనుకోకండి. డి7500లో ఒక్కో చుక్క 4.2 మైక్రాన్లు, 90డిలో 3.2 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 90డిలో ఒక్కో చుక్కకు అందే వెలుతురు తక్కువే. అయితే రెండు కెమెరాల ఫొటోలనూ ఒకే సైజులో ప్రింటు వేసి చూస్తే గరుకుదనంలో పెద్ద తేడా కనిపించదు, సెన్సర్లు దాదాపు ఒకే వైశాల్యం కాబట్టి. 90డి 32.5 మెగాపిక్సెళ్లతో దూరపు పక్షికి మరికొన్ని చుక్కలు ఎక్కువ కేటాయిస్తుంది. బదులుగా చేతి వణుకును, లెన్స్ లోపాన్ని కూడా అంతే వివరంగా చూపిస్తుంది. నాసి లెన్స్ పెట్టి 90డి వాడటం డబ్బు పారబోసుకోవడమే.

అద్దం కింద జరిగే పని

డీఎస్‌ఎల్‌ఆర్ లోపల లెన్స్ వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్స్ నుంచి వచ్చిన వెలుతురును అది పైకి పంపితే గాజు పట్టకం గుండా మన కంటికి చేరుతుంది. చవక మోడళ్లలో ఆ పట్టకం బదులు చిన్నచిన్న అద్దాలు అమరుస్తారు. అందుకే వాటిలో వ్యూఫైండర్ ఇరుగ్గా, మసగ్గా ఉంటుంది. మధ్యశ్రేణిలో గట్టి గాజు పట్టకం దొరుకుతుంది. వేకువ చీకట్లో కన్ను పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

అసలు విశేషం ఆ అద్దం మధ్య భాగంలో ఉంది. అక్కడ కొంత వెలుతురు అద్దంలోంచి దూరిపోతుంది. వెనకనున్న మరో చిట్టి అద్దం దాన్ని కిందికి మళ్లిస్తుంది. కెమెరా అడుగున ఫోకస్ కోసమే పెట్టిన సెన్సర్ ఒకటి కాచుకుని ఉంటుంది. లెన్స్ ఒక పక్క నుంచి వచ్చిన కిరణాలతో ఒక బొమ్మ, ఎదుటి పక్క నుంచి వచ్చిన వాటితో మరో బొమ్మ అక్కడ పడతాయి. ఫోకస్ కుదిరితే ఆ రెండింటి మధ్య ఉండాల్సినంత ఎడమే ఉంటుంది. ఎడం తగ్గితే ఫోకస్ ఒక వైపు తప్పింది, పెరిగితే రెండో వైపు. ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో ఒక్క చూపులో తేలిపోతుంది. లెన్స్ మోటారు ముందుకీ వెనక్కీ తడుముకోకుండా నేరుగా అక్కడికే వెళ్లి ఆగుతుంది. గూట్లోకి దిగుతున్న గూడబాతును అందుకోగలిగేది ఈ పద్ధతి వల్లే.

ఈ ఫోకస్ బిందువులు రెండు రకాలు. ఎడాన్ని అడ్డంగా కొలిచే బిందువు నిలువు గీతలను బాగా పడుతుంది. ఉద్దానంలోని కొబ్బరి మాను దానికి సులువు. బారువ తీరంలో సముద్రం ఆకాశాన్ని కలిసే అడ్డగీత మీద పెడితే మాత్రం తెల్లమొహం వేస్తుంది, గీత వెంబడే జరిగే బొమ్మలో జరుగుబాటు కనపడదు కదా. రెండు దిక్కులా కొలిచే దాన్ని క్రాస్ టైప్ అంటారు. ప్రవేశ స్థాయి నికాన్ డి3500లో 11 బిందువులుంటే క్రాస్ టైప్ ఒక్కటే. కానన్ 1500డిలో తొమ్మిదిలో ఒక్కటి. డి7200, డి7500లలో 51 ఉంటే అందులో 15 క్రాస్ టైప్. 80డి, 90డిలలో మొత్తం 45 బిందువులూ తగిన లెన్స్ పెడితే క్రాస్ టైప్‌గానే పనిచేస్తాయి. కెమెరా పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించని ఈ లెక్క, నన్నడిగితే, మెగాపిక్సెళ్ల కంటే ముందు అడగాల్సినది.

ఈ ఏర్పాటుకు ఒక బలహీనత ఉంది. ఫోకస్ కొలిచేది అడుగునున్న సెన్సర్, ఫొటో పడేది వెనకనున్న సెన్సర్. రెండింటి దూరాల్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా కంటి మీద పెట్టిన ఫోకస్ చెవి మీద పడుతుంది. పైన చెప్పిన నాలుగు మోడళ్లలోనూ ఆ తేడాను మనమే మెనూలోకి వెళ్లి లెన్స్‌కో విధంగా సరిచేసుకోవచ్చు. చవక మోడళ్లలో ఆ వీలు లేదు. మధ్యశ్రేణికి పెట్టే అదనపు ఖర్చును నా లెక్కలో సగం సమర్థించేది ఈ ఒక్క సదుపాయమే.

పుల్ల నోట కరుచుకుని వచ్చేటప్పుడు

గూడు కట్టే రోజుల్లో పక్షి పుల్ల తెచ్చి కొమ్మ మీద వాలే ఘట్టం రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. డి7200 సెకనుకు ఆరు ఫొటోలు తీస్తుంది, 80డి ఏడు, డి7500 ఎనిమిది, 90డి పది. వేగం ఒక్కటే చూస్తే 90డిది పైచేయి. కానీ తీసిన ఫొటోలు కార్డులోకి వెళ్లేలోపు నిలిచే తాత్కాలిక జ్ఞాపకం ఒకటుంటుంది, బఫర్ అంటారు. అది నిండితే కెమెరా మొరాయిస్తుంది. పూర్తి వివరాలతో ఉండే రా ఫైళ్లుగా తీస్తే 90డికి 25 దగ్గర నిండుతుంది, అంటే రెండున్నర సెకన్లు. డి7200కు 18 దగ్గర, మూడు సెకన్లు. డి7500 మాత్రం 50 దాకా, ఆరు సెకన్లకు పైగా ఆగదు. ఎగిరే పక్షుల కోసం డి7500ను నేను ముందు పెట్టడానికి ఇదే కారణం. దానిలో లోట్లు లేకపోలేదు. డి7200లో రెండు కార్డులు పెట్టుకునే చోటుంటే డి7500లో ఒక్కటే ఉంది. పెళ్లిళ్లు తీసేవాళ్లకు అది చిన్న సంగతి కాదు, ఒక కార్డు పాడైతే పెళ్లి మళ్లీ చేయలేరు.

బారువలో పొద్దు పొడిచే వేళ

తూర్పున సముద్రం ఉన్న ఊళ్లలో సూర్యోదయం తీయాలనిపించని ఫొటోగ్రాఫర్ ఉండరు. బారువలో సూర్యుడు నీళ్లలోంచి లేస్తుంటే ముందున్న పడవ కంటికి చక్కగా కనిపిస్తుంది. ఫొటోలో చూస్తే పడవ బొగ్గులా నల్లబడిపోతుంది. పడవను వెలిగిద్దామంటే ఆకాశం తెల్లకాగితమైపోతుంది. మన కన్ను సూర్యుడి మీదికీ పడవ మీదికీ మారినప్పుడల్లా తనను తాను సర్దుకుంటుంది, కెమెరాకు దొరికేది ఒక్క అవకాశమే.

---------------------------------
స్టాప్ అంటే?

వెలుతురు రెట్టింపయితే ఒక స్టాప్ పెరిగినట్టు, సగమైతే ఒక స్టాప్ తగ్గినట్టు. రెండు స్టాపులంటే నాలుగు రెట్లు, మూడంటే ఎనిమిది. పది స్టాపులంటే వెయ్యి రెట్లకు పైనే. ఒకే ఫొటోలో ఎంత నలుపు నుంచి ఎంత తెలుపు దాకా వివరం నిలుస్తుందో చెప్పడానికి ఈ కొలత వాడతారు, డైనమిక్ రేంజ్ అంటారు. పైన చెప్పిన మధ్యశ్రేణి కెమెరాలు తక్కువ ఐఎస్‌ఓలో (సెన్సర్ సంకేతాన్ని ఎంత పెంచాలో చెప్పే అంకె) 13, 14 స్టాపుల దాకా పట్టుకుంటాయి. ఐఎస్‌ఓ పెంచేకొద్దీ అది తగ్గిపోతుంది.
---------------------------------

అందుకని బారువలో చేయాల్సిన పని ఇది. ఐఎస్‌ఓ 100 పెట్టి, ఆకాశం తెల్లబారకుండా కాస్త చీకటిగా, రా ఫైలుగా తీయాలి. తర్వాత కంప్యూటర్‌లో పడవ భాగాన్ని మాత్రం వెలిగించాలి. అలా వెలిగించినప్పుడు నీడల్లో చారలు, రంగు మచ్చలు పైకి తేలకపోతే ఆ సెన్సర్ మంచిదన్నట్టు. ఈ పరీక్షలో డి7200, డి7500 చాలా బాగా నిలుస్తాయి. కానన్ 70డి నీడల్లో చారలు తేలేవి. 80డిలో సెన్సర్ రూపకల్పన మార్చాక ఆ లోపం చాలావరకు పోయింది. పాత 70డి చవకగా వస్తోందని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నౌపడ గాలి

నౌపడ అంటే ఉప్పు మడులు. అక్కడ ఎండలో ఏం జరుగుతుందో కెమెరాలో కూడా అదే చిన్న ఎత్తున జరుగుతుంది. అల విరిగినప్పుడు నురుగు బుడగలు పగిలి సన్నని తుంపర గాల్లోకి లేస్తుంది. తుంపరలోని నీరు ఆవిరైపోతే మిగిలిన ఉప్పు రేణువులు గాలితో ప్రయాణించి లెన్స్ వలయం సందుల్లో, బటన్ల కింద, లోహపు కాంటాక్టుల మీద కూర్చుంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటగానే ఉప్పు ఆ తేమను పీల్చి తనంతట తానే నీరవుతుంది. ఉప్పునీరు కరెంటును పారనిస్తుంది, లోహాన్ని తింటుంది. ఈ తీరంలో ఉదయం పూట తేమ 75 శాతం దాటడం మామూలే.

మధ్యశ్రేణి కెమెరాల అతుకుల దగ్గర దుమ్ము, తేమ చొరబడకుండా సీలింగ్ ఉంటుంది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకునే ముందు లెన్స్ వెనక్కి తిప్పి చూడండి. లోహపు వలయం చుట్టూ సన్నని రబ్బరు అంచు ఉంటేనే సీలింగ్ పూర్తయినట్టు. కానన్ 18-135 లాంటి ప్రసిద్ధ లెన్స్‌కే అది లేదు. బాడీ తలుపులన్నీ మూసి గుమ్మం తెరిచి పెట్టుకున్నాక లాభమేముంది? తీరంలో లెన్స్ మార్చకండి. ఇంటికి రాగానే మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో బాడీ తుడవండి. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు రేణువులు గీతలు పెడతాయి.

లెన్స్ లోపల పట్టే బూజు ఇంకో గండం. తేమగా, చీకటిగా, గాలాడకుండా ఉన్న చోట అది గాజు మీద వేళ్లూనుకుని పూతను తినేస్తుంది. ఒకసారి పూత పోయిందంటే తుడిచినా మచ్చ మిగులుతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం బూజును పెంచి పోషించడమే. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి తేమను 40, 50 శాతం మధ్య ఉంచితే చాలు. తేమ చూపే చిన్న మీటరు దొరుకుతుంది, డబ్బాలో పడేసి ఉంచండి. ఏసీ గదిలోంచి నేరుగా బీచికి వెళ్లేవాళ్లు కెమెరాను పాలిథిన్ సంచిలో బిగించి తీసుకెళ్లి, వేడెక్కాక బయటికి తీయాలి. లేకపోతే చల్లని గాజు మీద నీరు పడుతుంది.

కరెంటు లేని రోజుల్లో

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి, చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అలాంటి రోజుల్లో ఫొటో అంటే సరదా కాదు, పోయిన తోటకు సాక్ష్యం. డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఇక్కడ ఒక సహజ బలం ఉంది. వ్యూఫైండర్‌లో కనిపించేది అద్దంలోంచి వచ్చే నిజమైన వెలుతురు కాబట్టి చూస్తున్నంతసేపూ తెర వెలగక్కర్లేదు. ప్రామాణిక పరీక్షలో ఒక్క చార్జింగుకు డి7500 సుమారు 950, 80డి 960, డి7200 దాదాపు 1,100, 90డి 1,300 ఫొటోలు తీస్తాయి. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో నికాన్ జెడ్50కి అదే పరీక్షలో వచ్చేవి 300కు అటూ ఇటూ. తుపాన్లు వచ్చిపోయే తీరంలో ఈ తేడా చిన్నది కాదు.

న్యాయంగా మిర్రర్‌లెస్ వైపు కూడా చెప్పాలి. ఫొటో పడే సెన్సరే ఫోకస్‌ను కూడా కొలుస్తుంది కనుక పైన చెప్పిన వెంట్రుకవాసి సమస్య వాటికి రాదు. కొత్త మోడళ్లు పక్షి కన్ను ఎక్కడుందో తామే వెతికి పట్టుకుంటాయి. కంపెనీలు అటే వెళ్లిపోయాయి. నికాన్ 2020లో డి780, డి6 తర్వాత కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ తేలేదు. కానన్ 1డి ఎక్స్ మార్క్ 3ని చివరి అగ్రశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌గా ప్రకటించింది. దానివల్ల ఒక మేలు జరిగింది. మంచి మధ్యశ్రేణి బాడీలు, లెన్స్‌లు పాత సామాను అంగళ్లలోకి వచ్చాయి.

పాతది చేతిలోకి తీసుకున్నప్పుడు

మీ మెమరీ కార్డు మీరే వెంట తీసుకెళ్లండి. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 16కు చిన్నది చేసి ఆకాశాన్ని ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, నల్లని మసక చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము. లెన్స్‌లోకి ఒక వైపు నుంచి టార్చి వేసి మరో వైపు నుంచి చూస్తే సాలెగూటి పోగుల్లాంటి బూజు బయటపడుతుంది. అది ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. కాంటాక్టుల మీద పచ్చని తుప్పుంటే ఆ కెమెరా ఉప్పుగాలి తిన్నదే. షట్టర్ ఎన్నిసార్లు కొట్టుకుందో నికాన్ ఫైళ్లలోనే నమోదై ఉంటుంది, ఒక్క ఫొటోతో తెలుసుకోవచ్చు. డి7200 షట్టర్‌ను లక్షన్నర సార్లకు, 90డిని లక్షా ఇరవై వేలకు, 80డిని లక్షకు పరీక్షించి తయారుచేశారు. ఆ అంకె దాటగానే ఆగిపోతుందని కాదు, బేరంలో ధర తగ్గాలని.

ఇక నా తీర్పు. తేలినీలాపురం పక్షుల కోసమైతే వాడిన డి7500 తీసుకుని, మిగిలిన డబ్బంతా నికాన్ 200-500 మీదనో, టామ్రాన్ లేదా సిగ్మా 150-600 మీదనో పెట్టండి. చేతిలో డబ్బు తక్కువైతే డి7200కు దిగండి కానీ లెన్స్ దగ్గర మాత్రం దిగకండి. తీరం, వీడియోలు ఎక్కువ అనుకుంటే తెర పక్కకు తిరిగే 80డి నయం, పెళ్లిళ్లకైతే రెండు కార్డులు పట్టే డి7200. 90డి జోలికి పదునైన లెన్స్ ఉన్నవాళ్లే వెళ్లాలి. పొడవైన లెన్స్ కొనడంలో పక్షులకూ మేలుంది. గూళ్లలో పిల్లలున్న రోజుల్లో చెట్టు కిందికి వెళ్లకండి, డ్రోన్ ఎగరేయకండి, ఫ్లాష్ వాడకండి. దూరం నుంచే తీయండి, ఆ మచ్చలు అక్కడి నుంచి కూడా కనిపిస్తాయి.